"అలవాటు పడుతుందిలే" అనుకోకండి: దీపావళికి ముందు కుక్కల యజమానులతో

(విజయవాడలోని ఒక అపార్ట్‌మెంట్ నివాసుల సమావేశంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. దీపావళికి ఇంకా నెల పైనే ఉంది కదా, ఇప్పుడే ఈ మీటింగ్ దేనికని ఇందాక ఒకరిద్దరు అడిగారు. పండగ ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి "డాక్టర్‌గారూ, ఏం చేయమంటారు" అంటే నేను చెప్పగలిగేది చాలా కొంచెం. నెల ముందు అడిగితే చేయడానికి బోలెడంత ఉంది. అందుకే సెక్రటరీగారు ఇప్పుడే రమ్మంటే సంతోషించాను. కుక్కల్లేని ఇళ్లవాళ్లు కూడా వచ్చారు. మీకు ప్రత్యేకంగా థాంక్స్. చివర్లో నేను అడగబోయే పని మీ సాయం లేకుండా జరగదు.

ఏటా ఈ రోజుల్లో క్లినిక్‌లో నాకు బాగా వినపడే మాట ఒకటుంది. "ఇంకా చిన్నది కదండీ, ఒకటి రెండు దీపావళులు చూస్తే అదే అలవాటు పడుతుంది." ప్రేమ లేక అనే మాట కాదది, నాకు తెలుసు. కానీ ఆ మాట వల్లే చాలా కుక్కలు ఏళ్ల తరబడి బాధపడుతున్నాయి. అది ఎందుకు తప్పో ముందు చెబుతాను.

మీ కుక్క కుక్కర్ కూతకి అలవాటు పడింది. మిక్సీకి, కింద మోటార్ చప్పుడికి కూడా పడింది. అవి రోజూ వస్తాయి, ఒకే చోట నుంచి వస్తాయి, ఒకే స్థాయిలో వస్తాయి. వాటివల్ల తనకేమీ కాదని దానికి పదే పదే తెలిసింది. టపాకాయ అలా కాదు. ఏడాదికోసారి వస్తుంది. ఎప్పుడు పేలుతుందో, ఎటు నుంచి వస్తుందో తెలీదు. చప్పుడుతో పాటు మెరుపు, నేల అదురు, గంధకం వాసన అన్నీ ఒకేసారి మీద పడతాయి. పారిపోదామంటే తలుపులు మూసి ఉంటాయి. ఇలాంటి దానికి మెదడు అలవాటు పడదు. ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా ప్రమాదమని గుర్తు పెట్టుకుంటుంది. మొదటి ఏడు చెవులు రిక్కించి ఊరుకున్న కుక్క మరుసటి ఏడు మంచం కిందికి దూరుతుంది. ఆ తర్వాత ఉరుముకి వణుకుతుంది. ఇంకో ఏడాదికి పెళ్లి ఊరేగింపు బ్యాండు వినపడినా, తలుపు గాలికి ధడాలున పడినా ఒకటే వణుకు. భయం ఇలా ఒక శబ్దం నుంచి ఇంకో శబ్దానికి పాకుతుంది. మీ కుక్క ఏ మెట్టు మీద ఉందో ఆలోచించండి.

వినికిడి సంగతి కూడా చెప్పాలి. మనకు వినపడే శబ్దాల పై హద్దు సుమారు 20 వేల హెర్ట్జ్. కుక్కకు 45 వేల దాకా వినపడుతుంది. అంటే జువ్వ పైకి లేచేటప్పుడు వచ్చే సన్నటి ఈలలో మన చెవికి అందని భాగం కూడా దానికి అందుతుంది. పైగా చట్టం ప్రకారం టపాకాయ పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదు. దాటకపోయినా 125 అంటే మనకే చెవి నొప్పి పుట్టే చప్పుడు.

మన ప్రాంతంలో ఇంకో సమస్య ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ "ఆ ఒక్క రాత్రి" గురించే చెబుతాయి. మనకి ఒక్క రాత్రితో అయిపోతుందా? నరక చతుర్దశి తెల్లవారుజామునే మొదలు. మర్నాడు అమావాస్య, అసలు పండగ. పిల్లలు గోగు కర్రలకు గుడ్డ వత్తులు కట్టి వెలిగించి నేలకు కొడుతూ "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి" అంటారు కదా, ఆ నాగుల చవితికని సగం టపాకాయలు దాచి పెడతారు. అంటే దాదాపు వారం. ఒకసారి బాగా హడలిపోయిన కుక్క ఒంట్లో ఆ ఒత్తిడి తెల్లారేసరికి దిగిపోదు. పూర్తిగా దిగకముందే మళ్లీ పేలుడు. అందుకే చాలా కుక్కలు దీపావళి రోజు కంటే మూడో రోజో నాలుగో రోజో తిండి మానేసి మా దగ్గరికి వస్తాయి. మీ ప్లాను వారానికి వేసుకోండి. ఇంకో సంగతి. మనం చప్పుళ్లు మొదలుపెట్టే ఆ నరక చతుర్దశి రోజునే నేపాల్‌లో కుకుర్ తిహార్ అని చేస్తారు. ఆ రోజు కుక్కలకు బొట్టు పెట్టి, బంతిపూల దండలేసి, మంచి భోజనం పెడతారు. వీధి కుక్కలకు కూడా. నాకు ఆ పండగంటే ఎంతో ఇష్టం.

సరే, భయాన్ని గుర్తుపట్టడం దగ్గరికి వద్దాం. వణకడం, తోక కాళ్ల మధ్య పెట్టుకోవడం అందరికీ తెలుసు. వాటికంటే ముందొచ్చే గుర్తులు చూడండి. ఎండ లేకుండానే వగర్చడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తిండి లేకుండానే పెదాలు నాక్కోవడం, చెవులు వెనక్కి వాల్చడం, కంటిపాప పెద్దదవడం, ఒకచోట నిలవకుండా గది గదికీ తిరగడం, ఎంతో ఇష్టమైన చికెన్ ముక్క పెట్టినా ముట్టకపోవడం. హాల్లో మూత్రం పోసిందనో, తలుపు గీరిందనో ఆ సమయంలో కొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అప్పుడు దాని ఒళ్లు దాని అదుపులో ఉండదు.

పెద్ద వయసు కుక్కలున్నవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. ఇన్నేళ్లూ లేని భయం ఏడో ఏటో ఎనిమిదో ఏటో కొత్తగా వస్తే ముందు కీళ్లు చూపించండి. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. చూసింది ఇరవై కుక్కల్నే గానీ, అందులో తేలింది మా అందరికీ పనికొచ్చింది. కీళ్లు, కండరాల నొప్పి ఉన్న కుక్కల్లో శబ్దాల భయం మిగతావాటి కంటే సగటున నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైంది. ఉలిక్కిపడినప్పుడు కండరాలు బిగుసుకుని నొప్పి పుడుతుంది. ఆ నొప్పినీ ఆ చప్పుడినీ కుక్క ముడిపెట్టేసుకుంటుంది. నొప్పికి వైద్యం చేస్తే భయం తగ్గే అవకాశం ఉంది.

ఇప్పుడు ఈ నెల రోజుల్లో చేయాల్సిన పని. టపాకాయల శబ్దాల రికార్డింగులు ఫోన్లో బోలెడు దొరుకుతాయి. వీలైతే ఒక మోస్తరు స్పీకర్‌కి కలపండి, ఫోన్ స్పీకర్లో గంభీరమైన శబ్దాలు సరిగా రావు. మొదట వాల్యూమ్ ఎంత తక్కువంటే, కుక్క ఒక్కసారి చెవి తిప్పి మళ్లీ తన పనిలో పడిపోవాలి. శబ్దం మొదలవగానే ఉడికించిన చికెన్ ముక్కలో, దానికి ప్రాణమైన ఇంకేదైనానో కొంచెం కొంచెం పెట్టండి. శబ్దం ఆగగానే తిండి ఆపేయండి. వరస ముఖ్యం: ముందు చప్పుడు, వెంటనే రుచి. రోజుకి ఐదు పది నిమిషాలు చాలు. కుక్క హాయిగా ఉంటేనే రెండు మూడు రోజులకోసారి వాల్యూమ్ ఒక గీత పెంచండి. బెదిరిందనిపిస్తే ఆపేసి, మర్నాడు ఇంకా తక్కువ నుంచి మొదలుపెట్టండి. ఇప్పటికే బాగా భయపడే కుక్క అయితే మాత్రం ఈ సాధన పండగకి ముందు పది రోజుల్లో పెట్టుకోకండి. దానికి మందుల సాయం కావాలి, ఆ సంగతి తర్వాత చెబుతాను.

సాధనకు టైం చాలకపోయినా ఒక పని అందరూ చేయొచ్చు. నిజంగా బయట టపాకాయ పేలిన ప్రతిసారీ, పేలిన వెంటనే, ఒక రుచికరమైన ముక్క పెట్టడం లేదా ఆటలోకి దింపడం. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం నుంచి 2020లో వచ్చిన సర్వేలో ఈ పద్ధతి వాడిన యజమానుల్లో 70 శాతానికి పైగా పనిచేసిందని చెప్పారు. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. కుక్క తినగలిగే స్థితిలో ఉన్నంతవరకూ చేయండి.

గది విషయం. ఈ వారంలోనే మీ కుక్క ఏ మూలకి వెళ్లి దాక్కుంటుందో చూడండి. దాని నిర్ణయాన్ని గౌరవించండి. కొన్నిటికి బాత్రూమ్ ఇష్టం, కొన్నిటికి బీరువా పక్క సందు. కిటికీలు తక్కువున్న గది అయితే మరీ మంచిది. అక్కడ దాని పరుపు, నీళ్ల గిన్నె, మీ వాసన ఉన్న పాత చీరో దుప్పటో పెట్టండి. మందపాటి కర్టెన్లు వేయండి, మెరుపులు కనపడకుండా. ఫ్యానో, ఏసీయో, టీవీయో ఆన్ చేసి ఉంచండి. ఇవన్నీ పండగ రోజు కొత్తగా మొదలెడితే ఆ గదే దానికి భయం గుర్తు అవుతుంది. ఇప్పటి నుంచే రోజూ కాసేపు అక్కడ మంచి తిండి పెట్టండి. దాక్కున్నదాన్ని లాగి బయటికి తీయొద్దు. గొలుసుతో కట్టేయొద్దు, గింజుకుంటే మెడకి బిగుసుకుంటుంది. అరుస్తోందని మూతికి గుడ్డ కట్టేవాళ్లున్నారు. కుక్క వగర్చే తన ఒంటి వేడిని దించుకుంటుంది. నోరు కట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు అది ప్రాణాంతకం. వాటికి పొగ కూడా పడదు, బాల్కనీ తలుపులు మూసేయండి.

ఆ రోజు వాకింగ్ చీకటి పడకముందే, నాలుగు గంటలకల్లా ముగించండి. పగలైనా సరే చైన్ విప్పకండి. వీలైతే హార్నెస్‌కి, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీకి, ఒకటి, కాలర్‌కి ఒకటి, రెండు చైన్లు వేయండి. బెదిరిన కుక్క కాలర్లోంచి తల వెనక్కి లాక్కోవడం క్షణంలో పని. సాయంత్రం కడుపునిండా పెడితే కాస్త మగతగా ఉంటుంది. పెరుగు గడ్డకట్టించిన పళ్లెం ఇస్తే నాకుతూ కూర్చుంటుంది, నాకడం వాటికి ఊరట.

అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో ఒక మనిషి ఉండాలి. అందరూ టెర్రస్ మీదికి వెళ్లిపోయి కుక్కని గదిలో ఒంటరిగా తాళం వేయడం నాకు అసలు నచ్చదు. వంతులు వేసుకోండి. భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా పెరుగుతుందని చెప్పేవాళ్లు చాలామంది. ఆ మాట నమ్మకండి. భయం ఒక భావన. మీరు నిమురుతున్నారని అది కావాలని భయపడదు. దగ్గరికొస్తే ఒళ్లో పెట్టుకోండి, నెమ్మదిగా మాట్లాడండి. దూరంగా ఉంటానంటే ఉండనివ్వండి. కొన్ని కుక్కలకు పాత కాటన్ చున్నీ ఛాతీ చుట్టూ కాస్త బిగువుగా చుడితే నెమ్మదిస్తాయి. కొన్నిటికి చుడితే చిరాకు. ముందే చుట్టి చూడండి.

మందుల గురించి. భయానికి మందు వాడటం కుక్కకి మత్తు అలవాటు చేయడం కాదు. జ్వరానికి వాడినట్టే. గబాపెంటిన్, ట్రాజోడోన్, ఆల్‌ప్రజోలామ్ లాంటివి బరువునీ, లివర్, కిడ్నీల పరిస్థితినీ చూసి మేం రాస్తాం. పండగకి కనీసం రెండు వారాల ముందు రండి. ఒక మామూలు రోజు మొదటి డోసు వేసి ఎలా పనిచేస్తుందో చూడాలి. ఏ మందైనా చప్పుళ్లు మొదలవకముందే వేయాలి, భయం తారస్థాయికి చేరాక వేస్తే సగం పని కూడా చేయదు. పాత రోజుల్లో ఎసిప్రోమజిన్ అనే మందు విరివిగా ఇచ్చేవారు. అది ఒక్కటే ఇస్తే ఒళ్లు కదలదు, లోపల భయం మాత్రం అలాగే ఉంటుంది. చూసేవాళ్లకి మాత్రం కుక్క ప్రశాంతంగా పడుకున్నట్టు కనపడుతుంది. మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు ఏదీ కొనకండి. మన ఇంట్లోవాళ్ల నిద్ర మాత్రలో సగం విరిచి వేయకండి. ఇబుప్రోఫెన్, పారాసిటమాల్ కూడా వేయొద్దు.

తిండి విషయం త్వరగా చెప్పేస్తాను. చాక్లెట్, ముఖ్యంగా డార్క్ చాక్లెట్, విషం. కిస్మిస్, ద్రాక్ష కిడ్నీలు పాడుచేస్తాయి. పాయసంలో, కేసరిలో, డ్రైఫ్రూట్ డబ్బాల్లో ఉండేవి అవే. కొన్ని షుగర్‌ఫ్రీ మిఠాయిల్లో, చూయింగ్‌గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటుంది. అది కొంచెం పోయినా కుక్కకి ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోయి ఫిట్స్ వస్తాయి. ఉల్లి, వెల్లుల్లి పడవు. నేతి మిఠాయిలు, నూనె పిండివంటలు ఎక్కువైతే క్లోమం వాచి వాంతులు పట్టుకుంటాయి. మాంసం వండుకునే ఇళ్లలో ఉడికిన ఎముకలు వేయకండి, చీలి పేగుకి గుచ్చుకుంటాయి. నూనెలో తడిసిన ప్రమిద వత్తిని కూడా మింగేస్తాయి, కిందికి అందేలా పెట్టకండి. పండగ మర్నాడు పేలని టపాకాయలు, పాము బిళ్లలు నేల మీద మిగిలి ఉంటాయి. వాటిలో బేరియం లాంటి రసాయనాలు ఉండొచ్చు. కుక్క నోట పెట్టిందనిపిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి, వెంటనే తీసుకురండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు. కాలితే పది ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు పోయండి. పసుపు, టూత్‌పేస్ట్, ఐస్ ఏవీ పెట్టకండి.

ఇప్పుడు కుక్కల్లేని ఇళ్లవాళ్లను అడుగుతానన్న పని. టపాకాయలు మానేయమని నేను అడగట్లేదు. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దీపావళి రాత్రి రెండు గంటలే కాల్చాలని, తక్కువ పొగ వచ్చే గ్రీన్ క్రాకర్సే వాడాలని చెప్పింది. లడీలను, అంటే థౌజండ్‌వాలా లాంటి వరస టపాకాయల్ని, నిషేధించింది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు చప్పుడు చేసేవి కాల్చకూడదన్న నిబంధన అంతకుముందు నుంచే ఉంది. అనుమతించిన ఆ రెండు గంటలు ఏవో ఇప్పుడే తెలుసుకుని మన లిఫ్ట్‌లో అంటించండి. చోటు కూడా ఒకటే పెట్టుకోండి, వెనక ఖాళీ స్థలం. ఎప్పుడు మొదలవుతుందో తెలిస్తే మందు టైంకి వేయొచ్చు, వాకింగ్ టైంకి ముగించొచ్చు. సుతిలి బాంబులు తగ్గించి మతాబులు, చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు, భూచక్రాలు ఎక్కువ తెచ్చుకోండి. అయిదారేళ్ల పిల్లలకి ఎలాగూ అవే ఇష్టం.

గేటు దగ్గర ఉండే మూడు నాలుగు వీధి కుక్కల సంగతి. వాటికి మంచం లేదు, గది లేదు. ఆ రాత్రి సెల్లార్‌లో ఒక మూల నాలుగు గోనెసంచులు పరిచి, నీళ్లు పెట్టి, వాచ్‌మన్‌కి తరమొద్దని చెప్పండి. మర్నాడు పొద్దున కార్ స్టార్ట్ చేసేముందు కిందికి వంగి చూడండి. చక్రాల వెనకే నక్కి ఉంటాయి. భయపడ్డ వీధి కుక్క మీదికి పిల్లలు వెళ్లకుండా చూడండి. కరిస్తే, గీరినా సరే, సబ్బుతో పదిహేను నిమిషాలు నీటి ధార కింద కడిగి, అదేరోజు రేబిస్ టీకా వేయించాలి.

పిల్లలూ, మీతో ఒక్క మాట. కుక్క తోకకి సీమ టపాకాయ కట్టడం, దాని మీదికి సిసింద్రీ వదలడం ఆట కాదు. దానికి కళ్లు పోతాయి, చర్మం ఊడిపోతుంది. అలాంటివాటికి నేను చికిత్స చేశాను. పెద్దవాళ్లకి కూడా చెబుతున్నాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలే, అందుకే ఎవరూ లెక్కచేయరు. కానీ జంతువుని చంపినా, అంగవైకల్యం కలిగించినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు ఉంది. ఎవరైనా చేస్తుంటే వీడియో తీసి పోలీసులకి ఇవ్వండి.

ప్రశ్నలు అడగండి.

వెనక నుంచి ఆంటీగారు అడుగుతున్నారు, పండగకి గుడివాడ వెళ్తున్నాం, కుక్కని బోర్డింగ్‌లో పెట్టొచ్చా అని. దానికి శబ్దాల భయం ఉంటే వద్దండీ. కొత్త చోటు, కొత్త మనుషులు, మీరు లేరు, పైన చప్పుళ్లు. కుదిరితే వెంట తీసుకెళ్లండి, లేదా దానికి బాగా తెలిసినవాళ్లు మీ ఇంటికే వచ్చి ఉండేలా చూడండి. రెండూ కుదరకపోతే, రాత్రి మనిషి పడుకునే బోర్డింగ్ చూసుకుని, ఈ నెలలోనే ఒక రాత్రి ఉంచి చూడండి.

తప్పిపోతే ఏం చేయాలని సార్ అడిగారు. ముందు ఇవాళే కాలర్‌కి మీ ఫోన్ నంబర్ ఉన్న బిళ్ల తగిలించండి, మైక్రోచిప్ కూడా వేయించొచ్చు. లక్ష్మీపూజకి తలుపులు బార్లా తీసి పెడతాం కదా, పారిపోయేది అప్పుడే. గుమ్మం దగ్గర పిల్లల గేటు లాంటిది అడ్డం పెట్టండి. తప్పిపోతే మొదటి గంటలో దగ్గర్లోనే వెతకండి, కార్ల కింద, కాలువ గట్ల దగ్గర, మెట్ల కింద. కనపడితే వెంటపడకండి, మీరు పరిగెడితే అదీ పరిగెడుతుంది. నేల మీద పక్కకి తిరిగి కూర్చుని నెమ్మదిగా పిలవండి.

ఇంకొకరు. తొమ్మిది నెలల లాబ్రడార్, ఇదే మొదటి దీపావళి, భయపడుతుందో లేదో తెలీదంటున్నారు. ఇక్కడున్న అందరిలోకీ మీ చేతిలోనే ఎక్కువ ఉందమ్మా. భయపడుతుందేమో చూద్దామని టెర్రస్ మీదికి తీసుకెళ్లకండి. ఇవాళ్టి నుంచే ఉరుము ఉరిమినా, కింద ఎవరైనా టపాకాయ కాల్చినా, వెంటనే నోట్లో ఒక ముక్క పెట్టండి. రేపు సాయంత్రం దాన్ని క్లినిక్‌కి తీసుకురండి, ఏ వాల్యూమ్‌తో మొదలుపెట్టాలో దాని ముందే చూపిస్తాను.